కంటి ఎత్తున

గోడలకి చెవులుంటాయంటారు.
మా బార్ గోడకి ఒట్టి నోళ్ళే.
ఇరవై ఆరు.

పొగ తాగరాదు.
తాగినవాడికి మళ్ళీ పోయరాదు.
తాగనివాణ్ణి బతిమాలరాదు.
గాలివాన రోజున కూడా పదకొండున్నరకి
తలుపు తీసి ఉంచరాదు.
ఈ నోటీసు మీద మరో నోటీసు అంటించరాదు.

ఆఖరిదంటే నాకు ముచ్చట.
తనకు తానే కాపలా కాసుకునే చట్టం.

మా నాన్న రోజుల్లో అక్కడ
బాణాలు విసిరే పలక ఉండేది.
పక్కన సుద్దముక్కతో అప్పుల పద్దు.
ఎవరెంత బాకీయో ఊరంతా చదువుకునేది.
సిగ్గు అనే ఒక్క సెక్షన్ మీద
నలభై ఏళ్ళు నడిచింది దుకాణం.

ఇప్పుడు మాకు లోర్కన్ ట్యూహీ ఉన్నాడు.
చేపల రేవు నుంచి డబ్లిన్ సభదాకా ఎదిగినవాడు.
ఏ బిల్లుకి చెయ్యెత్తినా
మర్నాడు రేడియోలో అదే మాట:
‘నా అంతరాత్మ చెప్పింది.’

మంచిదే.
ఉన్నవాణ్ణి లేదనడానికి నేనెవర్ని?
కానీ లోర్కన్,
నీ అంతరాత్మ నీ ఇంటి కుక్క.
నీ గుమ్మంలో కట్టుకో,
నీ లోపలి దొంగల్ని పట్టుకోనీ.
మా వీధి మీదికి వదిలేసి
కరిపించుకున్నవాళ్ళనే
దాని తిండికి డబ్బులడుగుతావేం?

మాలకీ క్రీహన్ పోయిన రాత్రి
ఇంట్లోనే ఉంచారు, మావైపు ఆనవాయితీ.
వంటింట్లో టీ, ముందుగదిలో విస్కీ,
నడిమి గదిలో మాలకీ,
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
శుభ్రమైన గోళ్ళతో.
ఎవరో అతని నత్తిని అనుకరించారు.
అందరికంటే ముందు నవ్వింది యూనా, అతని పెళ్ళాం.
నవ్వుతూ నవ్వుతూనే
చేత్తో కుర్చీ కోసం తడుముకుంది.

లోర్కన్ కూడా ఉన్నాడక్కడ.
గ్లాసు నేనే అందించాను. మూడుసార్లు.
మాలకీకి ఇష్టమైన పాట సగం పాడి
మిగతా సగం ఏడ్చాడు.
దొంగ ఏడుపు కాదు.
అదే నాకు కొరుకుడు పడనిది.

మేలో బిల్లు వచ్చింది,
మృతుల గౌరవ పరిరక్షణ అని.
శవమున్న ఇంట్లో మద్యం కూడదు, పేకాట కూడదు,
తొమ్మిది దాటితే వాయిద్యం కూడదు.
‘నవ్వు’ కూడా ముసాయిదాలో ఉండేదట,
నిర్వచనం కుదరక కొట్టేశారట.

ఆదివారం వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.
అడిగేశాను.
‘ఆ రాత్రి నువ్వు తాగలేదూ?’

‘అందుకే, బ్రోనా,’ అన్నాడు మెల్లిగా.
‘ఆ రాత్రి నన్ను ఆపేవాళ్ళుండాల్సింది.
కారు నడుపుకుంటూ వెళ్ళాను ఇంటికి.’

నా నోట మాట రాలేదు కాసేపు.
బల్ల తుడిచిన చోటే తుడిచాను.
తర్వాత వచ్చింది:
‘తాళంచెవి దాచమని నన్ను అడగాల్సింది, లోర్కన్.
ఒక్క మాట చాలేది.
నీ ఒక్కడి చెయ్యి పట్టుకోడానికి
దేశంలో ప్రతి శవం పక్కనా
ఒక పోలీసుని నిలబెడతావా?’

గ్లాసులోకి చూశాడు.
గ్లాసులో నారింజరసం.

జూలైలో టపాలో వచ్చింది ఇరవై ఏడోది.
తడిసినా చిరగని కాగితం.
వెనక సూచనలు:
అక్షరాలు మాసిపోరాదు,
కంటి ఎత్తున తగిలించవలెను.

కంటి ఎత్తున ఒక్కటే మేకు మిగిలింది.
దానికి మాలకీ ఉన్నాడు,
ఎండ్రకాయ పీతని పైకెత్తి పట్టుకుని
ఎండకి కళ్ళు చికిలిస్తూ.

ఎవరి కంటి ఎత్తో
సూచనల్లో రాయలేదు.
పొయ్యి పక్కన, నేలకి జానెడు పైన అంటించాను.
అక్కడ మా పిల్లి పడుకుంటుంది.
ఆవులిస్తూ రోజుకి రెండుసార్లు చదువుతుంది.
ఇన్‌స్పెక్టర్ వస్తే వంగాలి పాపం,
నడుం నొప్పి మనిషి.

గురువారాలు యూనా వస్తుంది.
ఫొటోకి ఎదురుగా కూర్చుంటుంది,
కోటు విప్పదు.
గ్లాసు మీది కొలత గీత దాటి
వేలెడు ఎక్కువే పోస్తాను.
అది కూడా నేరమే, పద్నాలుగోది,
తలెత్తి చూడకుండానే చెప్పగలను.